పెద్ద నడుముకు కిల్ట్ కుట్టించుకున్న అనుభవం

ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్న నాకు, ఒక సహోద్యోగి తన పెళ్ళిలో వరుడి పక్షాన నిలబడే గౌరవం ఇవ్వడంతో కిల్ట్ (స్కాట్లాండ్ మగవారు నడుముకు చుట్టుకునే, వెనక కుచ్చిళ్ళు ఉండే మోకాళ్ళ వరకు వచ్చే గళ్ళ ఉన్ని వస్త్రం) వేసుకునే అవసరం వచ్చింది. నాది భారీ శరీరం. పొట్ట ముందుకు ఉంటుంది, తొడలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, పిక్కలు కూడా లావే. ఇలాంటి శరీరానికి కిల్ట్ నప్పదన్న మాట పలువురి నోట విన్నాను కాని, కుట్టించుకుని వేసుకున్న తరువాత ఆ మాటతో నేను ఏకీభవించలేను. కొలతలు శరీరానికి తగినట్టు తీసుకుని, గుడ్డను ముందు భాగానికీ వెనక కుచ్చిళ్ళకూ సరిగా పంచితే, లావుగా ఉన్నవారికి ప్యాంటు కన్నా కిల్టే హాయిగా ఉంటుంది.

మొదట వెళ్ళింది ఒక అద్దె దుకాణానికి. అక్కడున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చి కట్టారు. పట్టీలు చివరి రంధ్రం వరకు వదిలినా బొడ్డు దగ్గర చాలలేదు. కాబట్టి దాన్ని పొట్ట కిందికి దించి బిగించారు. అలా దించగానే ముందు అంచు మోకాలు దాటి కిందికి వేలాడింది, వెనక అంచు పైకి లేచింది, కుచ్చిళ్ళు పిరుదుల మీద విచ్చుకున్నాయి. ఇది ఒక దుకాణంలోనే ఎదురయ్యే ఇబ్బంది కాదు. కిల్ట్‌ను అసలు నడుముకు, అంటే దాదాపు బొడ్డు మట్టానికి కుడతారు. కుచ్చిళ్ళను నడుము నుంచి పిరుదుల అతి వెడల్పైన చోటు వరకు కుట్టి అణచి, అక్కడినుంచి కిందికి స్వేచ్ఛగా వదులుతారు. మొత్తం కిల్ట్ నాలుగంగుళాలు కిందికి జారితే ఆ కుట్టు ఆగవలసిన చోట ఆగదు, కిల్ట్ ఎంత ఖరీదైనదైనా వేలాడవలసిన తీరులో వేలాడదు.

అందుకే చేతితో కిల్ట్‌లు కుట్టే ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్ళాను. ప్యాంటు సైజు చెప్పబోతే ఆవిడ అది తనకు పనికిరాదన్నారు. నా ప్యాంటు 42 అంగుళాలు. పొట్ట కింద వేసుకుంటాను కాబట్టి ఆ అంకె నా నడుము గురించి ఏమీ చెప్పదు. చొక్కా మీదుగా, ఊపిరి బిగబట్టకుండా నిలబడమని, బొడ్డు మట్టంలో టేపు చుట్టి చూస్తే 47 వచ్చింది. పిరుదుల దగ్గర 46. ఆ తరువాత కుర్చీలో కూర్చోబెట్టి నడుము మళ్ళీ కొలిచారు, ఎందుకంటే కూర్చుంటే పొట్ట ఇంకా వెడల్పవుతుంది, పెళ్ళి విందులో గంటల తరబడి కూర్చునే ఉంటాం. మా తాతగారి తరం వాళ్ళు పంచెను బొడ్డు మీదికే బిగించి కట్టేవారు, వారిలో పొట్ట ఉన్నవారికి కూడా అది జారేది కాదు. కిల్ట్ విషయంలోనూ అదే పద్ధతి అని నాకు అప్పుడు అర్థమైంది. పొడవును మోకాలి చిప్ప మధ్యకు కొలిచారు. అదీ ముందు ఒకసారి, వెనక ఒకసారి విడివిడిగా, ఎందుకంటే పొట్ట మీదుగా దిగే గుడ్డ ఎక్కువ దూరం ప్రయాణించాలి. రెండు వైపులా ఒకే పొడవు పెడితే నిలబడినప్పుడు ముందు అంచు లేచి కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆవిడ కాగితం మీద వేసిన లెక్క. సాధారణంగా చుట్టుకొలతలో ఇంచుమించు సగం కుచ్చిళ్ళు లేని ముందు పరదాకు, మిగతా సగం వెనక కుచ్చిళ్ళకు ఇస్తారు. నా 47 అంగుళాల నడుమును అలా సగం చేస్తే వెనక్కు ఇరవై మూడున్నర వస్తుంది, పిరుదుల దగ్గర వెనక భాగం 23 మాత్రమే. అంటే కుచ్చిళ్ళు కిందికంటే పైనే వెడల్పుగా ఉంటాయి. కుచ్చిళ్ళు పైకి పోయేకొద్దీ సన్నబడితేనే నడుముకు అతుక్కుని, కింద ఒద్దికగా ఊగుతాయి. అందువల్ల ఆవిడ నడుములో 26 అంగుళాలు ముందుకు ఇచ్చి 21 వెనక్కు ఉంచారు. పిరుదుల దగ్గర 24, 22గా పంచారు. ఆలోచిస్తే అది న్యాయమే కదా, నా ఒంట్లో పెరిగినదంతా ముందే ఉంది, వీపు వైపు కాదు. అద్దె కిల్ట్‌లు ఈ పంపకం చేయలేవు. లావుగా ఉన్నవారెవరైనా కిల్ట్ కుట్టించుకోబోతే, ముందు ఎంత, వెనక ఎంత పెడుతున్నారని తప్పకుండా అడగమని నా మనవి.

గుడ్డ మామూలుగా ఎనిమిది గజాలు పడుతుంది, నా వంటి వారికి తొమ్మిది వరకు పట్టవచ్చు. నేను గజానికి 16 ఔన్సుల బరువున్న ఉన్ని ఎంచుకున్నాను. పలుచని గుడ్డ తేలికగా ఉంటుంది కాని శరీరపు వంపులన్నీ పట్టి చూపిస్తుంది, కూర్చుని లేస్తే నలుగుతుంది. మందపు గుడ్డ తన బరువుతో తానే నిటారుగా దిగుతుంది. రంగుల్లో ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్ అనే గళ్ళ నమూనా తీసుకున్నాను. ఏ స్కాటిష్ వంశానికీ చెందని వారు కూడా దాన్ని నిస్సంకోచంగా వేసుకోవచ్చు. కుచ్చిళ్ళను వెనక కూడా గళ్ళు కనిపించేలా కాక, ప్రతి మడత మీదా ఒకే గీత వచ్చేలా కుట్టమన్నాను. ఆ నిలువు గీతల వల్ల వెనక వెడల్పు తక్కువగా కనిపిస్తుంది. 1822లో బ్రిటన్ రాజు నాలుగవ జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు మెరిసే ఎర్రని టార్టాన్ (స్కాటిష్ గళ్ళ గుడ్డ) కిల్ట్ వేసుకున్నాడు. ఆయనదీ స్థూలకాయమే. కిల్ట్ మరీ పొట్టిగా ఉందన్న విమర్శ ఆనాడే వచ్చింది. చిత్రకారుడు డేవిడ్ విల్కీ గీసిన ఆయన చిత్రం ఇక్కడి హోలీరూడ్ ప్రాసాదంలో ఉంది. పొడవు సరిగా ఉంటే ఆ శరీరానికి కూడా కిల్ట్ ఎంత హుందాగా ఉంటుందో ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది.

కిల్ట్ మీద వేసుకునే కోటు విషయంలో నాకు సందేహం లేదు, ఆర్గైల్ కోటే మేలు. ప్రిన్స్ చార్లీ కోటు ముందు పొట్టిగా కత్తిరించి ఉంటుంది కాబట్టి పొట్ట మీదికే చూపు పోతుంది. ఆర్గైల్ కోటు కొంచెం పొడవు, దాని కింది వేస్టుకోటుకు ఐదు బొత్తాలు ఉంటాయి, నడుము పట్టీ పూర్తిగా కప్పబడుతుంది. వేస్టుకోటు ఉన్నప్పుడు బెల్టు అవసరం లేదు, అది పొట్టకు ఒక ఒత్తిడి తగ్గించినట్టే. ముందు వేలాడే స్పారన్ అనే సంచి గొలుసుకు మాత్రం అదనపు ముక్క కలిపించుకోవాలి, మామూలు గొలుసు నాకు చుట్టూ రాలేదు. మేజోళ్ళు కూడా పిక్క కొలత చెప్పి తీసుకుంటే మంచిది.

తొడలు ఒరుసుకునే బాధకు లోపల పొడవైన నూలు నిక్కరు వేసుకోవడమే ఉత్తమమని నా అభిప్రాయం. లోపల ఏమీ వేసుకోకూడదన్న సంప్రదాయపు మాట లావుగా ఉన్నవారి చర్మాన్ని ఎరగదు. కూర్చునే ముందు రెండు చేతులతో వెనక కుచ్చిళ్ళను కిందికి నిమిరి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పెళ్ళి రాత్రి కేలీ అనే స్కాటిష్ సామూహిక నృత్యాల్లో అంత బరువు గుడ్డతో చెమటలు పట్టినా, కిల్ట్ ఉన్నచోటే ఉంది, ఒక్కసారి కూడా పైకి లాక్కోవలసిన పని పడలేదు.

కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి ఉండే బకిల్స్ వల్ల ఒకటి రెండు అంగుళాల తేడాను సర్దుకోవచ్చు. అంతకు మించి ఒళ్ళు తగ్గినా పెరిగినా వాటిని విప్పి జరిపి కుట్టించుకోవచ్చు. నేను ఇప్పుడు రెండో రంధ్రంలో పెడుతున్నాను, వచ్చే ఏడాది ఇంకా తగ్గితే ఆవిడ దగ్గరకే పట్టుకెళ్తాను.