పెడల్ వదిలినా బండి జారుతుంటే

మా చిన్న ట్రాక్టర్‌ది హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ఒత్తిడితో చక్రాలకు అందించే ఏర్పాటు. పెడల్ నొక్కితే కదులుతుంది, వదిలితే తనంతట తానే నెమ్మదించి ఆగుతుంది. అలవాటు పడ్డాక బ్రేకు మీదికి కాలు పోదు. అలాంటిది, బాగా పని చేసి వేడెక్కాక వాలులో పెడల్ వదిలినా మెల్లగా జారడం మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఏ తేడా లేదు. వెనక ట్రాలీ నిండా మట్టి ఉన్న రోజు నిజంగానే టెన్షన్ పడ్డాను.

మెకానిక్ స్పానర్ పట్టకముందే సంగతి చెప్పాడు. ఇంజిన్ పంపును తిప్పుతుంది. పంపు తోసిన ఆయిల్ మోటారును, మోటారు చక్రాలను తిప్పుతాయి. ఆ ఆయిల్ మళ్లీ పంపుకే వస్తుంది. పెడల్ చేసే పనల్లా పంపులోని స్వాష్ ప్లేట్ అనే బిళ్ల వాలు మార్చడమే. వాలు సున్నా అయితే పంపు తిరుగుతున్నా ఆయిల్‌ను తోయదు. బండి బరువుకి చక్రాలు దొర్లబోయినా ఆయిల్ వెళ్లడానికి దారి ఉండదు, అందుకే ఆగుతుంది. పెడల్ కొద్దిగా తగ్గిస్తే మోటారే పంపుగా మారి ఇంజిన్ని తిప్పబోతుంది. దిగేటప్పుడు ఇంజిన్ హోరు ఎందుకు పెరుగుతుందో అప్పటిదాకా ఆలోచించనేలేదు.

పంపు, మోటారు లోపలి పిస్టన్ల సందుల్లోంచి కొంత ఆయిల్ ఎప్పుడూ కారుతుందట. ఆ లోటును ఛార్జ్ పంపు అనే ఇంకో చిన్న పంపు పూడుస్తుంది. వేడికి ఆయిల్ పలచబడితే కారడం ఎక్కువై పట్టు సడలుతుంది. కాబట్టి ముందు వేడి సంగతి చూద్దామన్నాడు.

ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది. బండిని లాక్కెళ్లేటప్పుడు తెరిచే బైపాస్ వాల్వు గట్టిగా మూసే ఉంది. పెడల్ కూడా న్యూట్రల్‌కి సరిగ్గానే వస్తోంది. కింద చూస్తే ట్రాన్స్‌మిషన్ చల్లబరిచే రెక్కల మధ్య ఎండుగడ్డి, మట్టి అచ్చుపోసినట్టు గట్టిపడి ఉన్నాయి! తీసిన ఆయిల్ మాడు వాసన కొట్టింది. రెక్కలు శుభ్రం చేసి, మాన్యువల్లో చెప్పిన ఆయిల్ పోసి, ఫిల్టర్ మార్చాడు. దీనితో తగ్గకపోతే పంపో మోటారో అరిగినట్టే, అది మాత్రం పెద్ద ఖర్చు అని ముందే చెప్పి పెట్టాడు. తగ్గింది.

నా పద్ధతీ మారింది. వాలు మొదలవకముందే లో రేంజ్‌లోకి (తక్కువ వేగం గేరు), ఫోర్ వీల్‌లోకి వేస్తాను. దిగేటప్పుడు బరువు ముందుకు పోతుంది కాబట్టి వెనక చక్రాలే బండిని పట్టి ఉంచాల్సి వస్తే అవి జారిపోతాయి. వాలు మధ్యలో మాత్రం రేంజ్ లివర్ ముట్టుకోను. అది న్యూట్రల్ దాటే క్షణంలో ట్రాన్స్‌మిషన్‌కీ చక్రాలకీ లంకె తెగి, బండిని ఆపేది బ్రేకు ఒక్కటే అవుతుంది.

నిటారు వాలులో నిండు ట్రాలీతో ఆగితే ఇప్పటికీ కొంచెం కొంచెంగా కదులుతుంది. కొత్త బండి అయినా అంతో ఇంతో కదులుతుందన్నాడు. అందుకే ఇంజిన్ ఆపాలంటే ముందు పార్కింగ్ బ్రేకు వేస్తాను.