పడని వేలిముద్ర

"గట్టిగా నొక్కబాకవ్వా, ఊరికే ఆనించు చాలు."

నాలుగోసారీ ముద్ర పడలేదు. తాత బిట్రగుంట రైల్వే లోకో షెడ్డులో చేశాడు, ఆ ఫ్యామిలీ పెన్షన్ కోసం ప్రతి నవంబరూ అవ్వ బతికే ఉందని బ్యాంకులో చూపించాలి. నాట్లేసి, కలుపు తీసి అరిగిన వేళ్లు, మిషన్‌కి ఏం తెలుస్తాయి.

అవ్వ చేతులు వణుకుతున్నాయి. అది చూసి ఆ ప్రభుత్వ బ్యాంకు అమ్మాయి కౌంటర్ దాటి వచ్చి, పక్కన కూర్చుని, తన ఫోన్ తీసింది. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతుందట. "ఒక్కసారి కళ్లు ఆర్పవ్వా." అయిపోయింది.

పోయిన నెల ఓ ప్రైవేటు బ్యాంకులో కుర్రాడు లేచి నిలబడి నవ్వుతూ నమస్కారం పెట్టాడు, కానీ "సిస్టమ్ తీసుకోవట్లేదు మేడమ్" అన్నంతసేపూ స్క్రీనే చూశాడు. వాణ్ణి తప్పుపట్టలేను. నేనూ ప్రైవేటులోనే, నెలాఖరు టార్గెట్ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు, ఆ టైంలో ఎదురుగా ఎవరున్నా నంబర్లాగే కనిపిస్తారు. గవర్నమెంటు ఆఫీసుల్లో విసుక్కునేవాళ్లనీ బోలెడంతమందిని చూశాను.

'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' మీద 1990లో సలోవే, మేయర్ అనే సైకాలజిస్టులు రాసిన పేపర్ గురించి మా ఆఫీసు ట్రైనింగ్‌లో విన్నాను. ఎదుటివాళ్ల మనసు గుర్తుపట్టి దానికి తగ్గట్టు నడుచుకోవడం. అప్పుడు స్లైడ్ ఫొటో తీసుకున్నానే గానీ, ఆ చేతుల వణుకు ఈరోజు ఆ అమ్మాయి నాకంటే ముందు చూసింది.

ఆటో ఎక్కాక అవ్వ అడిగింది, "ఆ బిడ్డ బాక్సు తెరిచి అట్టే పెట్టేసిందిరా, అన్నం తినిందో లేదో."