పదిహేడో నంబరు బొచ్చె

చేపల హేచరీలో చేరిన రోజు నా చేతికి వల ఇస్తారనుకున్నాను. ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు బాల్‌పెన్నులు, అవి తడవకుండా ఓ ప్లాస్టిక్ సంచి ఇచ్చారు. "ఏ తల్లి గుడ్లు ఏ తొట్టిలో ఉన్నాయో రాస్తూ ఉండమ్మా. అదే నీ డ్యూటీ" అన్నారు ప్రాజెక్టు చూసే సారు. ముత్తుకూరు కాలేజీలో నాలుగేళ్లు బీఎఫ్‌ఎస్‌సీ, అంటే చేపల చదువు డిగ్రీ, చదివి, కన్జర్వేషన్ ఇంటర్న్ అని రాసున్న కార్డు మెళ్లో వేసుకుని వెళ్లినదాన్ని. గుమాస్తా పని చెప్పినట్టనిపించింది. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి "ఏమ్మా, చేపల్ని కాపాడుతున్నావా?" అంటే, "లెక్కలు రాస్తున్నా నాన్నా" అన్నాను.

హేచరీ గోదావరి గట్టుకి దగ్గర్లోనే ఉంది. చెరువు రైతులకి సీడు, అంటే చేపపిల్లల్ని, అమ్మే విభాగం వేరు, మాది వేరు. నదిలోంచి పట్టిన తల్లి చేపలతోనే గుడ్లు పెట్టించి, పిల్లల్ని 80 నుంచి 100 మిల్లీమీటర్ల దాకా పెంచి, మళ్లీ అదే నదిలో వదలాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రివర్ రాంచింగ్ అని ఉంది చూడండి, ఆ పద్ధతి. బజార్లో దొరికే సీడు నాలుగు లారీలు తెచ్చి రేవులో పోస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. హేచరీల్లో ఏళ్ల తరబడి అవే తల్లుల పిల్లల్నీ, ఆ పిల్లల పిల్లల్నీ వాడుతుంటారు. తొందరలో బొచ్చె (కట్ల) చేపనీ శీలావతి (రోహు) చేపనీ ఒకే గుండ్రటి తొట్టిలో వదిలితే రెండూ కలిసిపోయి సంకరాలు పుడతాయి. వాటిని నదిలో పోస్తే అక్కడున్న చేపల రక్తం కూడా కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. ఇంకోటి, మగవాటిని గుంపుగా వదిలితే లక్ష పిల్లలు పుట్టినా తండ్రులు ఇద్దరో ముగ్గురో కావచ్చు. అందుకే మేం ఒక ఆడదానికి ఒక మగదాన్ని జత కట్టి, ఏ జత గుడ్లు ఆ తొట్టిలోనే ఉంచేవాళ్లం. నా నోట్‌బుక్ అందుకు.

అన్నట్టు, అందరూ అడిగే ఇంకో ప్రశ్న: "పులస పిల్లలు తీస్తారా?" తియ్యం. పులస చేయి తగిలితేనే తట్టుకోదు, తొట్టిలో బతికించడమే పెద్ద గండం. మాది బొచ్చె.

జూన్ చివర్లో జాలర్లు తెచ్చిన చేపలు పందొమ్మిది. పడవ నుంచి ట్యాంకులోకి, ట్యాంకు నుంచి మా చెరువులోకి వచ్చేసరికి పొలుసులు రాలి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఉప్పునీళ్లలో ముంచి, వారం పాటు విడిగా ఉంచాం. ఒక్కోదానికి వీపు కండలో బియ్యపు గింజంత ట్యాగు ఎక్కించాం. మిషను దగ్గర పెడితే బీప్‌మని నంబరు చూపిస్తుంది. రెక్క అంచు చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్ సీసాలో వేయడం నా పని. మొదటి చేపకి చేయి వణికి, కావలసిన దానికంటే పెద్ద ముక్కే కోశాను. పక్కనున్న బాబాయ్ ఏమీ అనలేదు, కత్తెర నా చేతిలోంచి తీసుకుని, రెండోది తను కోసి చూపించి, మళ్లీ ఇచ్చేశాడు.

బాబాయ్ అంటే అక్కడ ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఉద్యోగం పేరు ఏదో ఉంది గానీ ఎవరికీ గుర్తులేదు. తొమ్మిదో చేపని తడిగుడ్డ మీద పడుకోబెట్టినప్పుడు దాని మూతి దగ్గర వేలు పెట్టి, "ఇది గోదారిది కాదమ్మాయ్" అన్నాడు. చూస్తే నిజమే. బొచ్చెకి తల పెద్దది, మూతి పైకి తిరిగి ఉంటుంది. దీనికి తల చిన్నది, పెదవి అంచు శీలావతికి ఉన్నట్టు ముడతలుగా ఉంది. "ఎవరి చెరువు గట్టో తెగినప్పుడు వచ్చి పడుంటది." నది నుంచి తెచ్చాం కాబట్టి నది చేపే అనుకున్న నాకు అక్కడ గట్టి దెబ్బ తగిలింది. తొమ్మిది పక్కన పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టి, దాన్ని పక్క తొట్టిలో వేశాం. చాన్నాళ్లకి ల్యాబు రిపోర్టు వచ్చింది. సంకరమే.

జూలై రెండో వారంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. నీళ్లు చల్లబడ్డాయి. "ఇవాళ ఇద్దాం" అన్నాడు బాబాయ్. ఆడవాటి పొట్ట మెత్తగా ఉబ్బి ఉండాలి. మగవాటి పక్కరెక్క గరుకుగా తగలాలి, పొట్ట మీద నెమ్మదిగా నొక్కితే పాలు, అంటే వీర్యం, కారాలి. సాయంత్రం ఏడింటికి ఇంజక్షన్లు. ఆడదానికి కిలోకి అర మిల్లీలీటరు లోపే, మగదానికి ఇంకా తక్కువ. ఆ మందులో ఉండే డోంపెరిడోన్, మనం వాంతులకి వేసుకునే మాత్రలోదే. చేప మెదడులో డోపమిన్ అనే రసాయనం గుడ్లు విడుదల కాకుండా బ్రేకు వేసి ఉంచుతుంది, ఇది ఆ బ్రేకు తీస్తుంది. క్లాసులో మార్కుల కోసం రాసిన ఆ జవాబుకి ఆ రాత్రి అర్థం దొరికింది.

ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు బాబాయ్ పాత రోజులు చెప్పాడు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి చేపలకి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారని నేను చెబితే, "ఆ గ్రంథులు తీసినోణ్ణి నేను" అని నవ్వాడు. చేపల మార్కెట్‌కెళ్లి తలకాయలు పగలగొట్టించి, మెదడు కింద ఆవగింజంత ఉండేదాన్ని సూదితో ఏరి, స్పిరిట్ సీసాలో దాచేవాళ్లట. "ఒంటి నిండా నీచు వాసన. బస్సులో పక్కన ఎవడూ కూర్చునేవాడు కాదు."

తెల్లవారుజామున నాలుగున్నరకి మొదటి ఆడది సిద్ధమైంది. బాబాయ్ దాన్ని తువ్వాల్లో చుట్టి తల తన చంకలో ఇరికించుకుని, పొట్ట పైనుంచి కిందికి బొటనవేలు జరిపాడు. గుడ్లు ధారగా బేసిన్‌లోకి జారాయి. దాని మీద మగచేప పాలు పిండి, కోడి ఈకతో కలపాలి. అది నా వంతు. అప్పటిదాకా బేసిన్‌లో నీటిచుక్క కూడా పడకూడదు. నీళ్లు తగిలిందా, వీర్యకణాలకి ప్రాణమొచ్చి నిమిషంలోపే అయిపోతాయి, గుడ్డుకున్న చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ఇదంతా తెలుసు నాకు. తెలిసీ, తొట్టిలో చేయి పెట్టి మగచేపని పట్టిన ఆ చేత్తోనే, తుడుచుకోకుండా, బేసిన్ పట్టుకున్నాను. మోచేతి మీంచి నీళ్లు టపటపా పడ్డాయి. బాబాయ్ చూశాడు. ఈక నాకే ఇచ్చి "కలుపు" అన్నాడు.

పొద్దున్నకి గుడ్లు నీరు పీల్చుకుని నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బాయి. బాగున్నవి గాజులా ఉంటాయి, లోపల కదిలే నలక కనబడుతుంది. చెడినవి తెల్లగా మబ్బు పట్టినట్టుంటాయి. ఒక చిన్న గిన్నెలో వంద తీసి లెక్కపెట్టాను. బాగున్నవి ముప్పై ఒకటి. మళ్లీ వంద. ఇరవై ఎనిమిది. మిగతా జతలవి ఎనభై దాటాయి. కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేస్తే, సారు చూసి, "తడి చెయ్యి అని రాయి. వచ్చే ఏడు వచ్చేవాళ్లకి పనికొస్తుంది" అన్నారు. రాశాను. అక్షరాలు చిన్నవిగా రాశాను.

పదిహేడో నంబరు ఆ రాత్రి గుడ్లు వదల్లేదు. అన్నిటికంటే పెద్దది, ఏడు కిలోల పైన. పొట్ట బిగుసుకుపోయింది, నొక్కితే రెండు గుడ్లు, రెండు చుక్కల రక్తం. బొచ్చె కిలో బరువుకి లక్షకి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది, అంటే ఏడు లక్షలు లోపలే ఉన్నాయి. ఇంకో డోసు ఇద్దామా అని సారు అన్నారు. నాకూ ఇవ్వాలనే ఉంది, చెడగొట్టిన జత లెక్క దీంతో సరిపెట్టుకోవచ్చని. బాబాయ్ అడ్డం పడ్డాడు. "వద్దండి. చచ్చిపోద్ది. చెరువులో వదిలేద్దాం, గుడ్లు లోపలే కరిగిపోతాయి. వచ్చే వానలకి చూద్దాం." సారు కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నారు.

ఆ తర్వాతి మూడు రోజులూ నిద్ర లేదు. పదహారు గంటలు దాటాక గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాయి, సూదికి కళ్లు పెట్టినట్టున్నాయి. గుడ్ల పెంకులు తొట్టి మధ్యలో ఉండే జాలీకి అడ్డం పడి నీళ్లు పొర్లితే, పిల్లలన్నీ కాలవలోకి పోతాయి. రాత్రంతా మెత్తటి బ్రష్షుతో జాలీ రుద్దుతూ ఉండాలి. నాకు ఇప్పటికీ పళ్లు తోముకుంటుంటే ఆ తొట్టి గుర్తొస్తుంది. పచ్చసొన అయిపోయాక నర్సరీ చెరువులు, తవుడు, వేరుశనగ చెక్క, కొంగలు రాకుండా పైన వల. ఆ రెండున్నర నెలల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు.

అక్టోబరులో రేవు దగ్గర షామియానా వేశారు. పిల్లలున్న సంచుల్ని పావుగంట నదిలో తేలనిచ్చి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పాలి. అతిథులకి అంత టైము లేదు. ఫొటో కోసం రెండు సంచులు అలాగే గుమ్మరించారు. మిగతావి వాళ్లు వెళ్లాక బాబాయ్, నేను మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఒక్కోటీ విప్పాం. సంచి తిరగేస్తే పిల్లలు వెంటనే పోలేదు, మా కాళ్ల చుట్టూ కాసేపు తిరిగాయి. పది గజాల దిగువన నీటికాకులు అప్పటికే వచ్చి కూర్చున్నాయి. ఎనిమిది జతల పేర్ల పక్కన ఎన్ని వదిలామో రాసి, నోట్‌బుక్ ఆఫీసులో అప్పజెప్పి ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. మొన్న జూలైలో ఓ సాయంత్రం బాబాయ్ ఫోన్ చేశాడు. పలకరింపులేం లేవు.

"అమ్మాయ్, పదిహేడు పొట్టేసింది. మెత్తగా ఉంది. వాన పడితే ఎల్లుండే."

సెలవు అడుగుదామని మెయిల్ తెరిచి కూర్చున్నాను. ఫోన్లోంచి ఆయనే అంటున్నాడు: "వస్తే తువ్వాలు తెచ్చుకో."