స్పానిష్ 'ఎచార్', మన 'వేయు', నడుమ ఇంగ్లీషు

స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసేవారిని ఇబ్బంది పెట్టేవి పాండిత్యపు మాటలు కావు. అవి లాటిన్ నుంచి రెండు భాషల్లోకీ ఇంచుమించు ఒకే రూపంలో దిగినవి కాబట్టి ఒకదాన్ని చూడగానే రెండోది తడుతుంది. ఇబ్బందంతా వంటింట్లోనూ, వాకిట్లోనూ, సంతలోనూ పొద్దున లేచింది మొదలు నలిగే చిన్న చిన్న క్రియలతోనే వస్తుంది. 'అసేర్' (చేయు), 'దార్' (ఇచ్చు), 'పొనేర్' (పెట్టు), 'కెదార్' (మిగులు) అన్నీ ఆ కోవలోవే అయినా, నాకు మాత్రం వాటన్నింటికంటే 'ఎచార్' ముచ్చటైన క్రియ. నిఘంటువు తెరిస్తే మొదట 'విసరు' అనే అర్థం ఉంటుంది. దాని కింద వరుసగా వచ్చే పదుల అర్థాలలో చాలావాటికి విసరడంతో పైకి కనిపించే చుట్టరికం ఏదీ ఉండదు.

అనంతపురంలో కూర్చుని స్పానిష్ క్రియ గురించి రాయడం బయటివారికి వింతగా తోచవచ్చు గాని, ఈ ఊరివారికి అందులో వింత లేదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థను ప్రారంభించి, 2009లో ఇక్కడే కన్నుమూసేదాకా పనిచేశారు. అప్పటి నుంచి స్పెయిన్ దేశానికీ ఈ కరువు నేలకూ మధ్య మనుషుల రాకపోకలూ ఉత్తరాల రాకపోకలూ సాగుతూనే ఉన్నాయి. స్పానిష్ నేర్చుకుని దానితోనే బతుకుతెరువు చూసుకున్న పిల్లలు ఈ జిల్లాలో ఉన్నారు. నేను నేర్చుకున్నదీ ఇక్కడే. స్పెయిన్ నుంచి ఇక్కడి పల్లెవారికి వచ్చే వ్యక్తిగత ఉత్తరాలను ఇంగ్లీషులోకి మార్చడం నాకు అప్పుడప్పుడూ దొరికే పని. ఉత్తరాలు రాసేవారు ఎక్కువగా పదవీ విరమణ చేసినవారు, పల్లెటూళ్ళవారు. అందుకే వారి వాక్యాల్లో 'ఎచార్' అడుగడుగునా తగులుతూ ఉంటుంది.

దీని పుట్టుక లాటిన్ 'యాక్తారే', అంటే విసరడం. లాటిన్‌లోని 'క్త' స్పానిష్‌లోకి వచ్చేసరికి చాలా మాటల్లో 'చ'గా మెత్తబడింది. పాలకు 'లాక్తే' పోయి 'లెచే' అయింది, రాత్రికి 'నోక్తే' పోయి 'నోచే' అయింది, అదే దారిలో 'యాక్తారే' పోయి 'ఎచార్' అయింది. ఫ్రెంచివారి 'జెతే' కూడా దీని తోబుట్టువే, ఇంగ్లీషు 'జెట్' అక్కడి నుంచి వచ్చినదే. ఫ్రెంచివారు మాత్రం ఆ క్రియను చాలా మేరకు విసరడం దగ్గరే ఉంచారు, స్పానిష్‌వారు దాన్ని ఇంటిపనులన్నింటికీ పురమాయించారు.

ఇప్పుడు ఇంగ్లీషు అనువాదకుడి అవస్థ చూడండి. కూరలో ఉప్పుకు ఎచార్ అంటే 'పుట్' అనాలి, ఉత్తరాన్ని డబ్బాలో ఎచార్ చేస్తే 'పోస్ట్' అనాలి, తలుపుకు తాళాన్ని ఎచార్ చేస్తే 'లాక్', లెక్కలను ఎచార్ చేస్తే 'డూ ద సమ్స్', కునుకును ఎచార్ చేస్తే 'టేక్ ఎ నాప్', టీవీలో సినిమాను ఎచార్ చేస్తే 'షో', చీట్లను ఎచార్ చేస్తే 'డ్రా లాట్స్', చెట్టు ఆకులను ఎచార్ చేస్తే 'స్ప్రౌట్', కోళ్ళకు తిండిని ఎచార్ చేస్తే 'ఫీడ్' అనాలి. ఒక్క స్పానిష్ క్రియకు ఇంగ్లీషులో ఇన్ని క్రియలు కావాలి, అయినా జాబితా పూర్తి కాలేదు. ఇంగ్లీషు వైపు నుంచి చూసేవారికి ఇదంతా పిచ్చి లెక్కలా కనిపించడం సహజమే.

తెలుగు వైపు నుంచి చూస్తే ఇందులో పిచ్చితనం ఏమీ లేదు. మనం కూరలో ఉప్పు వేస్తాం, ఉత్తరం డబ్బాలో వేస్తాం, తాళం వేస్తాం, లెక్క వేస్తాం, కునుకు వేస్తాం, చీట్లు వేస్తాం, కోళ్ళకు గింజలు వేస్తాం. హాల్లో సినిమా వేస్తారు, చెట్టు చిగురు వేస్తుంది, వేరు వేస్తుంది. పడవవాడు లంగరు వేస్తాడు, జాలరి వల వేస్తాడు, డ్రైవరు బ్రేకు వేస్తాడు. స్పానిష్‌లో వీటన్నింటికీ ఎచారే. నింద వేయడానికీ, జరిమానా వేయడానికీ కూడా అదే. జైలుకు పోయినవాడి గురించి స్పెయిన్‌లో మామూలు మాటగా "వాడికి ఐదేళ్ళు ఎచార్ చేశారు" అంటారు. మా వైపు "వానికి ఐదేండ్లు వేసినారు" అనడానికీ దానికీ అక్షరం తేడా లేదు. ఒకరి వయసు ఊహించడానికి కూడా, "నాకు ఎన్నేళ్ళు వేస్తావు?" అని అర్థమిచ్చేలా, ఎచారే వాడతారు. మనమూ వయసును అంచనా వేస్తాం కదా. రెండు భాషలకూ పుట్టుకలో బంధుత్వం లేదు, చరిత్రలో ఇచ్చిపుచ్చుకోవడాలూ లేవు. చేతిలోని వస్తువును వదిలిపెట్టే ఒక మామూలు క్రియ ఇటు తుంగభద్ర దగ్గరా, అటు స్పెయిన్‌లోని ఎస్త్రెమదూర పల్లెల్లోనూ ఇంచుమించు ఒకే రకంగా బరువులు మోయడానికి అలవాటుపడింది.

ఒక ఉత్తరంలోని వాక్యాన్ని దగ్గరగా చూపిస్తాను. రాసినామె పల్లెటూరి పెద్దావిడ. అర్థం ఇది: "ఈ రోజు కోళ్ళకు గింజలు వేసి, తలుపుకు తాళం వేసి, కాసేపు నడుము వాల్చినాను గాని, ఊరి నడుమ మైదానంలో సినిమా వేస్తుండడంతో కన్ను మూతపడలేదు." స్పానిష్‌లో ఈ ఒక్క వాక్యంలో నాలుగు ఎచార్‌లు ఉన్నాయి. తెలుగులో మూడు 'వేయు'లు నిలిచాయి, మిగిలిన ఒక్క చోట మాత్రం 'నడుము వాల్చు' వచ్చింది, ఎందుకంటే ఎచార్‌కు తనను తానే వేసుకోవడం అనే రూపం ఉంది, దానికి అర్థం పడుకోవడం. అదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే 'ఫీడ్', 'లాక్', 'లై డౌన్', 'షో' అని నాలుగు వేర్వేరు క్రియలు వచ్చి కూర్చుంటాయి. విషయం అంతా చేరుతుంది, ఒక్క ముక్క కూడా తప్పిపోదు. పోయేది ఒకే క్రియ మళ్ళీ మళ్ళీ వచ్చి పెద్దావిడ దినచర్యకు ఇచ్చిన ఒద్దిక మాత్రమే. దాన్ని నిలబెట్టాలని ఇంగ్లీషులో ఏదో ఒకే క్రియను నాలుగు చోట్లా బలవంతంగా కూర్చే అనువాదకులను నేను మెచ్చను. ఆమె కావాలని మాటలు పేర్చలేదు, మామూలుగా మాట్లాడింది. మామూలు మాటకు మామూలు ఇంగ్లీషే న్యాయం.

ఇంగ్లీషులో ఎచార్‌కు దగ్గరి బంధువు లేదని కాదు. 'కాస్ట్' అనే క్రియ ఉంది. లంగరుకు, వలకు, చీట్లకు, నిందకు, ఓటుకు అది పనికివస్తుంది. స్కాండినేవియా నుంచి వచ్చినవారి పాత నార్స్ భాషలోని 'కస్తా' నుంచి ఇంగ్లీషులోకి చేరిన మాట అది. ఒకప్పుడు విసరడానికి విరివిగా వాడిన ఈ మాట క్రమంగా పాతబడి, కొన్ని పడికట్టు పదబంధాల్లో మాత్రమే మిగిలింది. కూరలో ఉప్పును 'కాస్ట్' చేశానని ఇవాళ ఎవరైనా రాస్తే పాత బైబిలు చదువుతున్నట్టు ఉంటుంది.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఒకటే. ఎచార్ ఎదురైనప్పుడు క్రియను వదిలి, దాని పక్కనున్న నామవాచకాన్ని చూడాలి. బరువంతా దాని మీదే ఉంటుంది. ఎచార్ అద్దె సైకిలు లాంటిది, ఎవరు ఎక్కితే వారి ఊరికి పోతుంది. ఏ నామవాచకానికి ఇంగ్లీషులో ఏ క్రియ సహజంగా జతకడుతుందో చూసి దాన్నే పెట్టాలి. ఈ కిటుకును తెలుగువారికి ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ఖరీఫ్‌లో రచ్చబండ దగ్గర "ఈ యేడు ఏమి వేసినారు?" అని అడిగితే "శెనక్కాయ" అనే జవాబు వస్తుంది. అక్కడ వేయడమంటే విత్తడం అని ఎవరూ ఎవరికీ విప్పి చెప్పరు. నామవాచకమే చెప్పేస్తుంది.

అయితే రెండు క్రియలూ అచ్చంగా ఒకటేనని నమ్మితే దెబ్బతింటాం. ద్రవపదార్థాల దగ్గర దారులు చీలతాయి. స్పానిష్‌వారు ఉప్పునూ నీళ్ళనూ ఒకే క్రియతో వేస్తారు, మనం ఉప్పు వేసి నీళ్ళు పోస్తాం. మంటలో కట్టెలు వేయడం అని వారు చెప్పే జాతీయానికి మన దగ్గర అగ్నికి ఆజ్యం పోయడం ఉన్నది, ఇంగ్లీషులో 'యాడ్ ఫ్యూయెల్ టు ద ఫైర్' ఉన్నది. మూడు భాషల్లో మూడు క్రియలైనా భావం చెక్కుచెదరలేదు. మరోవైపు, మన 'వేయు' ఎచార్ పోని చోట్లకు కూడా పోతుంది. అనంతపురం జిల్లాలో నాలుగు ఇళ్ళవారు కలిస్తే బోరు వేయించిన కథ రాకుండా ఉండదు గాని, ఆ బోరుకు స్పానిష్‌లో ఎచార్ పనికిరాదు, తవ్వించడం అనే అర్థంలో మరో క్రియ కావాలి. రోడ్డు వేయడం, కేసు వేయడం, చొక్కా వేసుకోవడం కూడా అంతే. భయం వేయడం ఇంకా తమాషాగా ఉంటుంది. మనకు భయం వేస్తే, స్పానిష్‌లో 'మె ద మియేదో' అంటారు, అంటే 'నాకు భయం ఇస్తుంది' అని. క్రియ మారినా 'నాకు' మారలేదు. భయం ఎక్కడి నుంచో వచ్చి నా మీద పడుతుందనే చూపు రెండు భాషల్లోనూ ఒకటే. ఇంగ్లీషులో భయపడేవాడు కర్తగా ముందుకు వచ్చి నిలబడాలి.

సహాయం విషయంలో మళ్ళీ మనమూ వారూ కలుస్తాం. 'ఎచార్ ఉన మానో' అంటే చేయి వేయడం. మూట ఎత్తేటప్పుడు "రోంత చెయ్యి వెయ్యప్పా" అని పిలవడానికి ఇది సరిసమానం. ఇంగ్లీషువారు మాత్రం చేతిని అప్పిస్తారు. తిరిగి ఇచ్చేయాలని కాబోలు.

ఎచార్‌తో ఇంకొక నిర్మాణం ఉంది, అదే నాకు అన్నింటికంటే ఇష్టమైనది. దాని తరువాత మరో క్రియను చేరిస్తే ఆ పని హఠాత్తుగా మొదలైందని అర్థం. 'ఎచార్ ఆ కొర్రేర్' అంటే పరుగు లంకించుకోవడం, అదే రీతిలో పక్షి ఎగరడానికీ, మనిషి ఏడవడానికీ, నవ్వడానికీ వాడతారు. ఇంగ్లీషులో 'బర్స్ట్ ఇంటు టియర్స్', 'బ్రోక్ ఇంటు ఎ రన్' వంటివి దొరుకుతాయి కాబట్టి అనువాదకుడికి చిక్కేమీ లేదు. తెలుగు చేసే పని చూడదగినది. మన 'వేయు' కూడా మరో క్రియకు తోకలా అతుక్కుంటుంది, అయితే అది సాధారణంగా పని ముగిసిందని చెబుతుంది. తినేశాడు, రాసేశాడు, అమ్మేశాడు అన్నప్పుడు ఇక మిగిలిందేమీ లేదు. స్పానిష్‌వారిది ఆరంభం, మనది అంతం, ఎదురెదురు దిక్కులు. ఏడుపు దగ్గరా నవ్వు దగ్గరా మాత్రం ఈ దిక్కులు కలిసిపోతాయి. "ఆ మాట వినగానే ఏడ్చేసింది" అంటే ఏడవడం పూర్తి చేసిందని ఏ తెలుగువాడూ అనుకోడు, ఆపుకోలేక ఒక్కసారిగా ఏడుపు వచ్చేసిందనే అనుకుంటాడు. సరిగ్గా స్పానిష్ వాక్యం చెప్పేదీ అదే. ఆపుకోవడానికి మన చేతిలో లేని పనులకు రెండు భాషలూ విసిరే క్రియనే ఎంచుకున్నాయన్నమాట.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పి ముందుకు పోతాను. నిప్పురవ్వలు వేయడం అంటే కోపంతో నిప్పులు చెరగడం. పూలు వేయడం అంటే పొగడడం, ఇంగ్లీషులో అది ఒక పొడి 'కాంప్లిమెంట్' అయి ఊరుకుంటుంది. పాలు పాడైపోవడానికి కూడా ఎచార్ వస్తుంది, ఇంగ్లీషులో 'గో ఆఫ్', మనకు విరిగిపోవడం.

'ఎచార్ ఎన్ కార' దగ్గర కొంచెం ఆగాలి. మాటకు మాట అయితే మొహాన వేయడం. ఇంగ్లీషు నిఘంటువులు 'రిప్రోచ్' అని ఇస్తాయి, అది కోర్టు కాగితంలా బిగుసుకుపోయి ఉంటుంది. ఈ జాతీయాన్ని చేసిన మేలును గుర్తుచేసి గుచ్చడానికి కూడా వాడతారు. మనకు దెప్పడం, ఎత్తిపొడవడం అనే మాటలు ఈ పనికే పుట్టాయి. తోడికోడళ్ళ మధ్య ఏ పెళ్ళి ఖర్చు గురించో సాగే మాటలు విన్నవారికి ఎచార్ ఎన్ కారకు వేరే వివరణ అవసరం ఉండదు. ఇంగ్లీషులో 'త్రో ఇట్ ఇన్ మై ఫేస్' అని రాయడం నాకు సరైనదిగా తోస్తుంది, ఇక్కడ మాత్రం విసరడం మూడు భాషల్లో ఒకదాన్ని తప్ప మిగతా రెండింటినీ కలిపింది.

చివరికి 'ఎచార్ దె మేనోస్'. దూరంగా ఉన్నవారు దగ్గర లేని వెలితిని చెప్పే మాట ఇది. స్పెయిన్ నుంచి వచ్చే ఉత్తరాల చివర చాలా తరచుగా కనిపిస్తుంది, లాటిన్ అమెరికాలో ఇదే భావానికి 'ఎస్త్రన్యార్' ఎక్కువగా వాడతారు. విడివిడిగా చూస్తే 'తక్కువ వేయడం', దానికి తలాతోకా ఉండదు. స్పానిష్‌లో 'హ' అక్షరం పలకదు కనుక, 'చేసిన' అనే అర్థమిచ్చే 'ఎచో' అనే మరో మాటతో దీన్ని కలగాపులగం చేసి అక్కరలేని 'హ'ను తగిలించి రాసేవారు స్పెయిన్‌లోనే కొల్లలు. 'ఎచార్' అనే క్రియ మొట్టమొదట బయటికి విసిరేది 'హ'నే అని బడిపిల్లలకు కంఠస్థం చేయిస్తారు. ఈ జాతీయం అసలు పోర్చుగీసు 'అచార్ మేనోస్' నుంచి వచ్చిందని భాషాచరిత్రకారులు చెబుతారు. అక్కడ 'అచార్' అంటే కనుగొనడం. అంటే ఇందులో విసరడం ఏనాడూ లేదు, వినికిడిలో దగ్గరగా ఉన్న ఎచార్ వచ్చి చేరింది. తక్కువగా ఉన్నట్టు కనిపించడం, అంటే అచ్చంగా మన 'మీరు లేని లోటు తెలుస్తోంది'.

ఇంత చిక్కుముడి ఉన్న మాటకు ఇంగ్లీషులో 'మిస్' అనే చిన్న మాట చక్కగా సరిపోతుంది. 'వి మిస్ యూ' అని రాసి పక్కన పెట్టేయవచ్చు. ఎచార్ పొడవునా తెలుగు ముందుండి ఇంగ్లీషు వెనకబడితే, ఇక్కడ మాత్రం తెలుగే తడుముకుంటుంది. 'లోటు' చావు తరువాత వచ్చే సంతాప సభకు అంటుకుపోయింది, 'బెంగ' మరీ చిన్నపిల్లల మాట, 'మిస్ అవుతున్నాం' అనేది కాలేజీ పిల్లల మాట. ఆ ఇంగ్లీషు వాక్యం పల్లెకు చేరి, అవ్వకూ మనవడికీ చదివి వినిపించే మనిషి నోట్లో పడినప్పుడు ఏమవుతుందో నేను ఒకసారి పక్కనే ఉండి విన్నాను. ఆయన కాగితం మీది నుంచి తల ఎత్తి, "మిమ్మల్ని శానా తలుచుకుంటా ఉండారంట, ఇంట్లో అందర్నీ అడిగినామని చెప్పమన్నారు" అని చెప్పి, తరువాతి ఉత్తరం విప్పాడు.