ఆదివారం రాత్రి

ఈ రోజు చర్చిలో ఆరాధన చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు. మూడో పాటకు చాలామంది ఏడ్చారు. వెనక వరసలో ఒకావిడ మాత్రం లేవలేదు, పాడలేదు, ఏడవలేదు. రెండు నెలల కిందటే భర్తను పోగొట్టుకుంది. ఇంటికొచ్చినప్పటి నుంచీ నా మనసు ఆవిడ దగ్గరే ఉంది.

ఆ కన్నీళ్లు ఎక్కడ వస్తాయో నాకు ముందే తెలుసు. కీబోర్డు వాయించేది నేనే. శుక్రవారం ప్రాక్టీసులోనే అన్నీ అనుకుంటాం. ముందు రెండు హుషారైన పాటలు. తర్వాత టెంపో తగ్గించి, డ్రమ్స్ ఆపేసి, ప్యాడ్ సౌండ్, అంటే కీబోర్డులో ఆగకుండా సాగే మెత్తని స్వరం, ఒక్కటే సన్నగా మోగనివ్వాలి. ఒకే చరణం నాలుగైదు సార్లు తిప్పి పాడాలి. చివరిసారి స్కేల్ పెంచి, డ్రమ్స్ మళ్లీ అందుకోవాలి. చేతులు లేచేది సరిగ్గా అక్కడే, ప్రతి వారం. ఆ తర్వాత ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను కీల మీద నుంచి చెయ్యి తియ్యను. సంగీతం ఆగితే ఆ వాతావరణం చెదిరిపోతుందని మాకు భయం. ఇవాళ వాయిస్తూ వాయిస్తూ ఆ భయం గురించే ఆలోచించాను. కీబోర్డు ఆగినంత మాత్రాన దేవుని సన్నిధి పోదు కదా. మరి మేం అంత జాగ్రత్తగా కాపాడుతున్నది దేన్ని?

ఆ కన్నీళ్లు అబద్ధమని నేను అనను. ఆ పాటలకు నేనూ ఏడ్చాను, ఏడ్చి మారిన రోజులూ ఉన్నాయి. బైబిల్లో దేవుని మందసం (పవిత్ర పెట్టె) ముందు దావీదు రాజు నాట్యం చేస్తుంటే కిటికీలోంచి చూసి చులకన చేసిన ఆయన భార్య మీకాలు పక్కన నేను నిలబడలేను. జ్యూరిక్‌లో చర్చి సంస్కర్త జ్వింగ్లీ, స్వయంగా ఎన్నో వాద్యాలు వాయించగలిగి కూడా, 1520ల్లో ఆరాధనలోంచి సంగీతాన్నే తీసేశాడు. అదీ నాకు సమ్మతం కాదు. తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీన్ దగ్గర మాత్రం ఆగిపోతాను. 387లో మిలాన్‌లో బాప్తిస్మం పొందిన రోజుల్లో సంఘం పాడుతుంటే విని ఏడ్చిన మనిషి ఆయన. పాటలోని విషయం కన్నా పాడే తీరే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 1600 ఏళ్ల కిందట, ప్యాడ్ సౌండూ లైట్లూ లేని రోజుల్లో!

అంతా అయ్యాక వైర్లు చుడుతుంటే ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"పాటలన్నీ బాగున్నాయి బాబూ. నేనే ఒక్కటి కూడా పాడలేకపోయాను."

ఏదో తప్పు చేసినట్టు చెప్పింది. "పర్లేదమ్మా" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

ఇంటికొచ్చి ఈ ఏడాది మేం పాడిన పాటల లిస్టు తీశాను. జయం, ఆనందం, స్వస్థత, కృతజ్ఞత. "ఎందుకు ప్రభువా" అని అడిగే పాట ఒక్కటీ లేదు. ఆవిడ ఏ పాట పాడాలి? కీర్తనల గ్రంథం అలా లేదు. 13వ కీర్తన రెండే వచనాల్లో నాలుగు సార్లు "ఎంతకాలం" అని అడుగుతుంది. 88వ కీర్తనైతే చీకటే తనకు మిగిలిన చుట్టం అన్నట్టుగా ముగిసిపోతుంది. స్తుతిలోకి తిరగదు. దాని పైన "ప్రధానగాయకునికి" అని రాసి ఉంది. అంటే ఎవరో ఒంటరిగా తలుపు వేసుకుని చదువుకోవడానికి కాదు, అందరూ కూడి పాడటానికి ఇచ్చిన పాట అది.

వినోదానికి వచ్చినవాళ్లు సంతోషంగా బయటికి వెళ్లాలి. అక్కడ అది న్యాయమే. కానీ మేం కూడా తెలియకుండానే ఆ నియమం పెట్టుకున్నాం. ఏడిపిస్తాం, అయితే ఐదు నిమిషాల్లో స్కేల్ పెరిగి తేరుకునే ఏడుపు అది. రెండు నెలలైనా తేరుకోని దుఃఖానికి మా లిస్టులో చోటు పెట్టలేదు. అందరిలోకీ ప్రభువు అవసరం ఎక్కువున్న మనిషి, కూర్చుని మమ్మల్ని చూసి వెళ్లిపోయింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

వచ్చే ఆదివారం లిస్టులో మూడో పాట కొట్టేసి, అక్కడ "88వ కీర్తన, చదవాలి, కీబోర్డు వద్దు" అని రాశాను. టీమ్ ఒప్పుకుంటుందో లేదో. శుక్రవారం ప్రాక్టీసు కన్నా ముందే పాస్టర్ గారితో మాట్లాడాలి. చదవడం ఆవిడకు ఇష్టమైతే, ఆవిడనే చదవమని అడుగుతాను.