మెకానిక్ రాని రోజు, ఆఫ్రికా కవులు

వాషింగ్ మెషిన్ మెకానిక్ కోసం ఇవాళ సెలవు పెట్టాను. పదకొండుకల్లా వస్తానన్న మనిషి రెండు దాటినా రాలేదు, ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా సార్" అనే మాటే. బయటికి కదల్లేను, పడుకుంటే బెల్ వినపడదేమోనని టెన్షన్. సరే అని కొన్నాళ్ళుగా పట్టుకున్న పిచ్చినే ఇవాళా పట్టుకున్నాను: ఈ పది పన్నెండేళ్ళలో ఆఫ్రికా నుంచి ఇంతమంది కొత్త కవులు ఎలా బయటికొచ్చారు అని.

కవిత్వం రాసేవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉన్నారు, నైజీరియా కవి ఒకిగ్బో, ఘనా కవి అవూనోర్ లాంటివాళ్ళు 60లలోనే రాశారు. కొత్తగా వచ్చింది ఎవరికీ కనపడని చాకిరీ అనిపిస్తోంది. బ్రిటిష్ రచయిత్రి బెర్నార్డిన్ ఎవరిస్టో 2012లో కేన్ ప్రైజ్ జ్యూరీకి అధ్యక్షురాలు. అది ఆఫ్రికా రచయితల కథలకిచ్చే బహుమతి, కవులకి అలాంటిది లేదని గమనించి లండన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీ తరఫున తనే ఒకటి మొదలుపెట్టింది. అప్పట్లో పుస్తకం అచ్చయి ఉండక్కర్లేదు, పది కవితలు పంపితే చాలు, గెలిస్తే 3000 పౌండ్లు ఇచ్చేవాళ్ళు. మొదటి బహుమతి 2013లో వార్సన్ షైర్‌కి. కెన్యాలో సోమాలీ దంపతులకి పుట్టి లండన్‌లో పెరిగిన అమ్మాయి. గాయని బియాన్సే 2016 ఆల్బమ్‌లో ఆమె కవిత్వం వినపడ్డాక కవిత్వం జోలికి పోనివాళ్ళకి కూడా ఆ పేరు తెలిసింది.

అదే 2012లో కవి క్వామే డాస్ (పుట్టింది ఘనాలో, పెరిగింది జమైకాలో) అమెరికాలోని నెబ్రాస్కాలో ఆఫ్రికన్ పొయెట్రీ బుక్ ఫండ్ పెట్టాడు. ఒక్క పుస్తకం కూడా రానివాళ్ళకి మొదటి పుస్తకం వేయడం, నైజీరియా రచయిత క్రిస్ అబానీతో కలిసి ఎడిట్ చేసిన సన్నటి పుస్తకాలు కొన్ని ఒక పెట్టెలో పెట్టి ఏటా తీసుకురావడం. ఘనా, కెన్యా, ఉగాండా, బోట్స్వానా, గాంబియాల్లో కవిత్వానికే చిన్న లైబ్రరీలు కూడా పెట్టించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ లైబ్రరీల సంగతే. మన దగ్గర కవి సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించి, ఆవిష్కరణ సభలో సగం పంచిపెట్టి, మిగతావి మంచం కింద పెట్టుకుంటాడు కదా, తర్వాత అవి ఎవరికి చేరాలి అని ఆలోచించేవాడు ఉండడు.

కోఫీ అవూనోర్ సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ ఫండ్ మొదట్లో వేయడానికి సిద్ధం చేస్తున్న పుస్తకాల్లో ఆయన యాభై ఏళ్ళ కవితల ఎంపిక ఒకటి. 2013 సెప్టెంబర్‌లో సాహిత్యోత్సవానికి నైరోబీ వెళ్ళాడు, 21న వెస్ట్‌గేట్ మాల్ మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు అక్కడ ఉండి చనిపోయాడు. 78 ఏళ్ళు. డాస్ కూడా అదే ఉత్సవానికి వచ్చి ఉన్నాడు. పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. కొత్తవాళ్ళని నిలబెట్టడానికి పెట్టిన సంస్థ మొదటి అడుగుల్లోనే పెద్దాయన్ని పోగొట్టుకుంది.

కానీ ఒకటి నాకు మింగుడుపడదు. ఆఫ్రికా కవి ఎవరో తేల్చే అడ్రస్‌లు లండన్‌లో, నెబ్రాస్కాలో ఎందుకు వెలిశాయి? పైగా అంతా ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అనువాదంలోనో. సోమాలీల్లో హద్రావీ అనే కవి ఉండేవాడు, 70లలో ఐదేళ్ళు జైల్లో పెట్టారు, ఆయన కవితలు క్యాసెట్ల మీద ఊరూరా తిరిగాయి, ఏ ప్రైజూ అక్కర్లేకుండానే. డర్బన్‌లో 1997 నుంచీ పొయెట్రీ ఆఫ్రికా ఉత్సవం నడుస్తోంది, ఉగాండాలోని కంపాలాలో మకెరెరె యూనివర్సిటీ కుర్రాళ్ళు 2007లోనే లాంటర్న్ మీట్ అనే కవుల బృందం మొదలుపెట్టారు. డబ్బు బయటి నుంచి రాకముందు కూడా జనం చేరుతూనే ఉన్నారు.

ఇలా చిరాకు పడుతూనే రోమియో ఓరియోగన్ దగ్గరికొచ్చాను, అక్కడ నా వాదన కాస్త వంకరైపోయింది. నైజీరియా కుర్రాడు, మగవాళ్ళ మధ్య ప్రేమ గురించి రాస్తాడు, అది అక్కడ నేరం. 2017లో బ్రూనెల్ ప్రైజ్ వచ్చాక బెదిరింపులు పెరిగి చివరికి అమెరికా వెళ్ళిపోయాడు. 2022లో అదే నైజీరియా తన అతిపెద్ద సాహిత్య బహుమతి, లక్ష డాలర్లు, అతని పుస్తకానికే ఇచ్చింది. ఆ దేశంలోని గ్యాస్ కంపెనీ డబ్బు అది. బయటివాళ్ళ ప్రైజ్ అతన్ని కాపాడిందా, ఇరికించిందా అంటే రెండూనేమో.

దక్షిణాఫ్రికా కవయిత్రి కొలెకా పుటూమా 2017 పుస్తకం కూడా చదవాలి. వేసింది ఉహ్లాంగా అనే అక్కడి చిన్న ప్రెస్, కవిత్వ పుస్తకం అయినా బాగా అమ్ముడుపోయిందట. ఇక్కడికి తెప్పించుకుంటే పుస్తకం కన్నా పోస్టేజీ ఎక్కువయ్యేలా ఉంది, జీతం వచ్చాక చూడాలి.