పూనమల్లి హైరోడ్డు మీద ఒక హత్య కేసు

చెన్నై నుంచి బెంగళూరుకు రోడ్డు మీద వెళ్ళే మన తెలుగువాళ్ళలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. రాజీవ్ గాంధీ హత్య కేసు దాదాపు మొత్తం ఆ ఒక్క దారి వెంటే పరుచుకుని ఉంది. విచారణ జరిగిన టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) ప్రత్యేక కోర్టు పూనమల్లిలో. హత్య జరిగింది శ్రీపెరుంబుదూర్‌లో. శిక్ష పడ్డవాళ్ళలో పలువురు ఏళ్ళ తరబడి గడిపిన జైలు వేలూరులో. దాడిని దగ్గరుండి నడిపించిన, శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈకి చెందిన ఒంటికన్ను శివరాసన్ చచ్చింది బెంగళూరు దక్షిణాన కోణనకుంటెలో. ఇప్పుడక్కడ గ్రీన్ లైన్ మెట్రో స్టేషనుంది. శ్రీపెరుంబుదూర్ స్మారకం దాటగానే కారులో ఎవరో ఒకరు అందుకుంటారు: "ఎల్టీటీఈ వాళ్ళు ఉత్త చేతులేనండీ, వెనక వేరే బుర్ర ఉంది."

ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. చంపిందెవరు? చంపమన్నదెవరు, ఎందుకు? చంపుతుంటే ఆపలేకపోయిందెవరు? మొదటి ప్రశ్నకు గట్టి జవాబుంది. రెండోదానికి జవాబుంది కానీ అంచులు చిరిగి ఉన్నాయి. మూడోదానికి కమిషన్ నివేదికల నిండా జవాబులే. ప్రచారంలో ఉన్న థియరీలు ఎక్కువ భాగం మూడో ప్రశ్నకు దొరికిన ఆధారాన్ని తీసుకెళ్ళి రెండో ప్రశ్నకు అతికించినవే. ఏ థియరీ విన్నా ముందు చూడాల్సింది అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందని.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక కెమెరాలో దొరికింది. 1991 మే 21 రాత్రి 10:20 ప్రాంతంలో పేలుడు జరిగింది. ముఠా తరఫున ఫొటోలు తీస్తున్న హరిబాబు అక్కడికక్కడే చనిపోయాడు, కెమెరా మిగిలింది. చినోన్ కంపెనీది. అందులోని రీలులో పది ఫ్రేములు పడ్డాయి. చందనపు దండ పట్టుకుని నిలబడ్డ మానవబాంబు ధను, పక్కన రాజీవ్ ముందు కవిత చదవడానికి వచ్చిన అమ్మాయి, ఆ అమ్మాయి తల్లి, కాస్త ఎడంగా తెల్ల కుర్తా పైజమాలో విలేకరిలా నోటుపుస్తకం పట్టుకున్న మనిషి. చివరి ఫ్రేములో నిప్పు ముద్ద. నోటుపుస్తకం పట్టుకున్న ఆ మనిషే శివరాసన్. రీలు దొరక్కపోయి ఉంటే అతని ముఖం పోలీసులకు ఎన్నాళ్ళకు తెలిసేదో.

మొదటి రోజుల్లో బాంబు పూలబుట్టలో ఉందనీ, బొకేలో ఉందనీ వార్తలొచ్చాయి. తమిళనాడు ఫోరెన్సిక్ శాఖ డైరెక్టర్ పి. చంద్రశేఖరన్ బృందం దెబ్బల తీరును బట్టి ఆ లెక్క మార్చింది. ధను శరీరంలో తల, కాళ్ళు, చేతుల భాగాలు దొరికాయి, నడుము భాగం లేదు. డెనిమ్ గుడ్డ ముక్కలు, వైరు ముక్కలు, సన్న ఉక్కు గుళ్ళు దొరికాయి. అంటే బాంబు ఆమె ఒంటి మీదే బెల్టులా ఉంది. దండ వేసి, కాళ్ళకు దండం పెట్టడానికి వంగినప్పుడు పేలింది. తివాచీ కింద పాతారనీ, వేదిక కింద పెట్టారనీ చెప్పే థియరీలు ఈ ఒక్క శవ పరీక్ష దగ్గరే ఆగిపోవాలి. కింద నుంచి పేలితే కాళ్ళు మిగలవు.

హరిబాబు ఇంటి సోదాలో చందనపు దండ కొన్న పూంపుహార్ (తమిళనాడు ప్రభుత్వ హస్తకళల దుకాణం) బిల్లు దొరికింది. తేదీ ఆ రోజుదే. హంతకులు తమ నేరాన్ని తామే ఫొటోలు తీయించుకుంటారా అని చాలామంది అడుగుతారు. ఎల్టీటీఈకి అది అలవాటు. దాడులను చిత్రీకరించి దాచుకోవడం, ప్రచారానికి వాడుకోవడం వాళ్ళ పద్ధతిలో భాగం.

ముఠా కదలికలు ఇంకా వివరంగా దొరికాయి. తొమ్మిది మంది బృందం మే 1న పడవలో కోడియక్కరై చేరింది. మే 7న చెన్నై నందనంలో వి.పి. సింగ్ సభ జరిగితే ధను, ఆమెతోపాటు ముఠాలో ఉన్న శుభ అక్కడికి దండలతో వెళ్ళారు. అది రిహార్సల్. నాయకుడి దగ్గరికి ఎంతవరకు పోగలమో చూసుకోవడం. రాజీవ్ శ్రీపెరుంబుదూర్ వస్తున్నాడన్న కబురు మే 19న పత్రికల్లోనే వచ్చింది, కాబట్టి "లోపలి మనిషి చెప్పకపోతే వాళ్ళకెలా తెలుసు" అన్న ప్రశ్నకు పునాది లేదు. 21వ తేదీ సాయంత్రం అందరూ ప్యారిస్ కార్నర్‌లో కలుసుకుని మామూలు బస్సెక్కి ఏడున్నర ప్రాంతంలో శ్రీపెరుంబుదూర్‌లో దిగారు. దేశాన్ని కుదిపేసిన కుట్రకు వాహనం టిక్కెట్టు బస్సు! పని అయ్యాక మిగిలినవాళ్ళు తిరిగి వచ్చింది ఆటోలో.

ఇక వైర్‌లెస్. కొడుంగయ్యూర్‌లోని ఒక ఇంట్లో సెట్టు పెట్టి శివరాసన్ బృందం జాఫ్నాలో ఉన్న ఎల్టీటీఈ నిఘా విభాగం అధిపతి పొట్టు అమ్మాన్‌తో మాట్లాడేది. ఇక్కడి స్టేషను సంఖ్య 910, అక్కడిది 91. సందేశాలు మన వాళ్ళ చెవిన పడుతూనే ఉన్నాయి, సంకేతలిపి విప్పింది మాత్రం హత్య తర్వాత. మే 7 నాటి సందేశంలో శివరాసన్ తమ ఉద్దేశం తామిద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదన్న అర్థంలో చెప్పాడు. ఇది రెండు వైపులా కోసే కత్తి. ఆదేశం జాఫ్నా నుంచే వచ్చిందని చూపించేదీ ఇదే, ఇల్లు అద్దెకిచ్చిన పాపానికి, అన్నం పెట్టిన పాపానికి బోనెక్కిన చాలామందికి అసలు కుట్ర తెలియదని సుప్రీంకోర్టు నమ్మడానికి ఊతమిచ్చినదీ ఇదే.

రెండో ప్రశ్నలో "ఎందుకు" దగ్గర నిజమైన వాదన ఉంది. 1987 జులై 29 భారత్-శ్రీలంక ఒప్పందం, ఆ తర్వాత భారత శాంతి సేనతో దాదాపు రెండున్నరేళ్ళ పోరు, 1990 మార్చికి సేన వెనక్కి. రాజీవ్ మళ్ళీ గెలిస్తే సేన మళ్ళీ వస్తుందన్న భయమే కారణమని సిట్ (కేసు తేల్చిన ప్రత్యేక దర్యాప్తు బృందం) వాదన. దీనికి ఎదురుగా నిలబెట్టేది 1991 మార్చి 5 నాటి భేటీ. ఎల్టీటీఈకి దగ్గరివాడైన కవి కాశీ ఆనందన్ ఢిల్లీలో రాజీవ్‌ను కలిశాడు. రాజీ కుదురుతుంటే చంపుతారా అని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ కుట్రలో పాత్రధారులైన కొందరు 1990 సెప్టెంబరులోనే శరణార్థుల వేషంలో వచ్చి పోరూరు, కొడుంగయ్యూర్లలో ఇళ్ళు తీసుకున్నారు. ఒక చేత్తో మాటలు, ఇంకో చేత్తో ఏర్పాట్లు. 1990 జూన్‌లో కోడంబాక్కంలో ప్రత్యర్థి శ్రీలంక తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను చంపి శివరాసన్ తప్పించుకుపోయిన తీరు చూస్తే ఈ ముఠాకు చెన్నై కొత్త కాదని తెలుస్తుంది. పైగా 2002లో కిళినొచ్చి విలేకరుల సమావేశంలో ఎల్టీటీఈ అధినేత ప్రభాకరన్ రాజీవ్ హత్యను విషాద సంఘటన అని సరిపెట్టాడు. 2006లో ఎల్టీటీఈ సలహాదారు ఆంటన్ బాలసింగం ఒక టీవీ ఇంటర్వ్యూలో చారిత్రక విషాదమనీ, చింతిస్తున్నామనీ అన్నాడు. చేయనివాడు విచారం ప్రకటించే పద్ధతి అది కాదని నా లెక్క.

విశాఖపట్నం విమానం గురించి మన వాళ్ళు తప్పకుండా ఎత్తుతారు. ఆ రోజు రాజీవ్ ఒడిశా ముగించుకుని విశాఖ వచ్చాడు. విమానంలో సమాచార పరికరం మొరాయించింది. ప్రయాణం రద్దయినట్టే అనుకుని విమానాశ్రయం నుంచి బయల్దేరాక బాగైందని కబురొస్తే వెనక్కి తిరిగాడు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో విశాఖలో లేచి ఎనిమిదిన్నర ప్రాంతంలో మీనంబాక్కంలో దిగాడు, విమానం నడిపింది తనే. "అది కావాలనే చేసిన లోపం" అనే థియరీ తనను తానే కొట్టేసుకుంటుంది. హంతకులు ఏడున్నర నుంచి అక్కడ కాచుకుని ఉన్నారు. విమానం పాడైతే వాళ్ళ పథకమే పాడవుతుంది. ఆ లోపం వల్ల జరిగిన అసలు నష్టం వేరు: హడావిడిలో భద్రతా సిబ్బందిలో ఒకరు విశాఖలోనే మిగిలిపోయారు.

మూడో ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ఎస్పీజీ (ప్రధాని రక్షణకు పెట్టిన ప్రత్యేక దళం) చట్టం 1988లో వచ్చినప్పుడు ప్రధానికీ ఆయన కుటుంబానికీ మాత్రమే రక్షణ రాసుకున్నారు. 1989 డిసెంబరులో రాజీవ్ పదవి పోయింది, ఆ వెంటనే ఎస్పీజీ కూడా పోయింది. దానికి సాటి వచ్చే బదులు ఏర్పాటు జరగలేదు. ముప్పు తగ్గిందని కాదు, కుర్చీ మారిందని రక్షణ తీసేశారు. భద్రతా లోపాలను విచారించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ దీన్నే పట్టుకుంది. కేంద్రం, నిఘా విభాగం, రాష్ట్ర పోలీసులు, స్థానిక కాంగ్రెస్ కార్యకర్తలు, అందరికీ తలో పాలు పంచింది. దండలు వేసేవాళ్ళ జాబితాలో పేరు లేని మనిషి దగ్గరికి రావడం, మహిళా పోలీసు అడ్డుకుంటే రాజీవే వదిలేయమనడం, ఇవన్నీ కలిసి దారి తెరిచాయి. చట్టాన్ని సవరించి మాజీ ప్రధానులను చేర్చింది ఆయన పోయాక, 1991 సెప్టెంబరులో. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఇందులో కుట్ర అక్కర్లేదు, గుమాస్తా బుద్ధి చాలు.

పేలుడు సమయంలో రాష్ట్ర పెద్ద నాయకులు పక్కన లేరు, కాబట్టి వాళ్ళకు ముందే తెలుసు అనే మాట కూడా ఇలాంటిదే. నాయకుడు జనంలోకి చొరబడితే చుట్టూ ఉండేది కార్యకర్తలు, పోలీసులు. తమిళనాడు కాంగ్రెస్ నాయకుడు మూపనార్ లాంటి వాళ్ళు కొన్ని అడుగుల వెనక ఉన్నారు, పొగలో శవాన్ని వెతికి గుర్తుపట్టింది కూడా వాళ్ళే.

హత్య వెనక కుట్రను విచారించిన జస్టిస్ మిలాప్ చంద్ జైన్ కమిషన్ సంగతి వేరు. అది వల విశాలంగా విసిరింది. విదేశీ గూఢచారి సంస్థలు, రాజకీయ నాయకులకు దగ్గరి స్వామీజీ చంద్రస్వామి, రాజకీయ పార్టీలు, అన్నీ అందులో పడ్డాయి. "సీఐఏ, మొస్సాద్" అనేవాళ్ళందరూ చివరికి చేరేది ఈ నివేదిక పేజీలకే. అక్కడ దొరికేవి విన్న మాటలు, అనుమానాలు, ఇంకా విచారించాలన్న సిఫార్సులు. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది, ఎవరు ఎవరిని కలిశారు అనే గొలుసు మాత్రం లేదు. 1997లో మధ్యంతర నివేదిక బయటికి పొక్కి, డీఎంకే మంత్రులను తీసేయమని కాంగ్రెస్ పట్టుబట్టి, ప్రధాని గుజ్రాల్ ఒప్పుకోక ప్రభుత్వమే కూలింది. నివేదికకు అంత రాజకీయ బలం ఉంది కాబట్టి అంత సాక్ష్య బలం కూడా ఉందనుకోవడం పొరపాటు.

అధికారిక కథలో బలహీనమైన కీలు ఎక్కడ? నా ఉద్దేశంలో టాడా 15వ సెక్షన్ దగ్గర. మామూలు చట్టం ప్రకారం పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదు. టాడాలో ఎస్పీ హోదా అధికారి రాసుకుంటే చెల్లుతుంది. విచారణకు నిలబడ్డ 26 మంది నిందితుల్లో 17 మంది ఒప్పుకోళ్ళు అలా వచ్చినవే. 1998 జనవరి 28న పూనమల్లి కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు టాడా నేరాలే నిలబడవని కొట్టేసి, ఒప్పుకోళ్ళను మాత్రం సాక్ష్యంగా ఉంచుకుంది. 19 మందికి విముక్తి, ముగ్గురికి యావజ్జీవం, నళిని, మురుగన్, శాంతన్, పేరరివాళన్‌లకు ఉరిశిక్ష. చట్టం పోయింది, ఆ చట్టం కన్న కాగితం మిగిలింది. పేరరివాళన్ మీద ప్రధాన ఆరోపణ రెండు 9 వోల్టుల గోల్డెన్ పవర్ బ్యాటరీలు కొనిచ్చాడని. అవి ఎందుకో తనకు తెలియదని అతను చెప్పిన వాక్యాన్ని రాయకుండా వదిలేశానని ఆ వాంగ్మూలం నమోదు చేసిన అధికారి త్యాగరాజన్ 2013లో బహిరంగంగా చెప్పాడు. ఇది సీఐఏ కథ కన్నా వంద రెట్లు బరువైన సంగతి. అయినా దానివల్ల కూలేది ఒక మనిషి మీది కేసు. ధను బెల్టు, శివరాసన్ ఫొటో, వైర్‌లెస్ చెక్కుచెదరవు.

కోణనకుంటె దగ్గర ఇంకో అనుమానం పుట్టింది. శివరాసన్ జూన్ చివర్లో ట్యాంకర్ లారీలో దాక్కుని బెంగళూరు చేరాడు. ఇళ్ళు మారుతూ చివరికి కోణనకుంటెలో తేలాడు. ఆగస్టు 18 సాయంత్రం ఆచూకీ దొరికింది, కమాండోలు లోపలికి దూకింది 20 తెల్లవారుజామున. ఈ మధ్య గంటలన్నీ ఎందుకు పోయాయి? నోరు మూయించడానికే అంటారు. సైనైడ్ గొట్టం మెడలో ఉన్నవాళ్ళను ప్రాణాలతో పట్టాలంటే విరుగుడు మందు, డాక్టరు, సిట్ పెద్దల అనుమతి, అన్నీ సిద్ధం కావాలని ఆగారు. సైనైడ్ పని నిమిషాల్లో అయిపోతుంది, విరుగుడు పక్క గదిలో ఉన్నా చాలదు. ఆచూకీ దొరకడానికి ముందు రోజే మండ్య జిల్లా ముత్తత్తి, బిరూటల్లో ఎల్టీటీఈ వాళ్ళు అలాగే చచ్చారు కూడా. అంటే ఆగడం వల్ల లాభం లేదని తెలిసే అవకాశం ఉంది. ఏడు శవాలు దొరికాయి. శివరాసన్ తుపాకీతో కాల్చుకున్నాడు. నిర్ణయం తీసుకోలేని పెద్దలను నేను తప్పుబడతాను, నోరు మూయించారనడానికి మాత్రం ఈ ఆలస్యం ఒక్కటే సరిపోదు. శ్రీపెరుంబుదూర్ సభ వీడియో టేపు కేంద్ర నిఘా సంస్థ ఐబీ చేతికి చేరి తమకు రాలేదని ప్రధాన దర్యాప్తు అధికారి రఘోత్తమన్ తర్వాత చేసిన ఆరోపణ దీనికన్నా నిలదీయదగ్గది. ఆయన కేసు లోపలి మనిషి.

మిగిలిన కొస ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ బెల్టు ఎవరు తయారు చేశారు? 26 మందిలో తయారు చేసినవాడని ఎవరినీ కోర్టు తేల్చలేదు. మిగిలిన కుట్ర కోణాలను తేల్చమని 1998లో సీబీఐ కింద ఎండీఎంఏ అనే బృందాన్ని పెట్టారు. ప్రభాకరన్, పొట్టు అమ్మాన్ చనిపోయారని 2010లో వాళ్ళ మీది అభియోగాలు మూసేశారు. బెల్టు మీద దర్యాప్తు ఏమైందని పేరరివాళన్ సుప్రీంకోర్టులో అడిగాడు. 2022 మేలో అతను, నవంబరులో మిగిలిన ఆరుగురు విడుదలయ్యారు. ఎండీఎంఏను అదే ఏడాది ఎత్తేశారు. బెల్టు కుట్టిన మనిషి పేరు ఏ తీర్పులోనూ లేదు.